ఒండ్రు నేల గురించి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ చిత్తుప్రతి చదివాను. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో వచ్చిన భూకంపంతో ఎత్తుకున్నావు, బాగుంది. కానీ "తీవ్రత 5.4" అన్న మాట దిద్దుకో. 5.4 అనేది పరిమాణం. భూకంపం మొత్తానికీ అది ఒకటే అంకె. తీవ్రత ఊరూరికీ మారుతుంది. చీమకుర్తి రాతినేల మీద ఒకలా, పెన్నా డెల్టా ఒండ్రు మీద ఇంకోలా. ఆ తేడా ఎందుకన్నదే నీ వ్యాసానికి ప్రాణం. పేపర్లు రోజూ ఈ రెంటినీ కలిపేస్తుంటాయి, నువ్వైనా విడదీసి రాయి.

చదివేవాళ్లకు ఒక లెక్క చేసి చూపించు. మట్టిపొర మందాన్ని 4తో హెచ్చవేసి, అందులో ఎస్ తరంగాల (నేలను అడ్డంగా ఊపే భూకంప తరంగాల) వేగంతో భాగిస్తే ఆ పొర ఒకసారి ఊగే కాలం వస్తుంది. మందం 30 మీటర్లు, వేగం సెకనుకు 200 మీటర్లు అనుకో: 0.6 సెకన్లు. ఆరంతస్తుల మేడ ఊగే కాలమూ ఇంచుమించు అంతే. రెండూ కలిస్తే ఊయలను దాని ఊపులోనే తోసినట్టు. 1985లో మెక్సికో నగరం నుంచి భూకంప కేంద్రం 350 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా పాత సరస్సు బంకమట్టి 2 సెకన్ల ఊపు అందుకుని మేడలను కూల్చింది.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. సెకనుకు 80 మీటర్ల వేగమున్న 40 మీటర్ల మందపు బంకమట్టికీ 2 సెకన్లే, సెకనుకు 600 మీటర్ల వేగమున్న 300 మీటర్ల మందపు ఒండ్రుకీ 2 సెకన్లే. కాలం ఒక్కటే చూసి లోతు చెప్పకూడదు, వేగం విడిగా కొలవాలి. ఇనుప పలక మీద సుత్తితో కొట్టి 24 జియోఫోన్లతో (నేల కదలికను పట్టే చిన్న పరికరాలతో) వింటే మామూలుగా 30 మీటర్ల దాకా తెలుస్తుంది. అంతకంటే లోతుకు సముద్రపు అలల వల్ల నేలలో ఎప్పుడూ ఉండే సన్నని కదలికే ఆధారం. దాన్ని పట్టడానికి భూకంపమాపకాలను వందల మీటర్ల వెడల్పున వలయంగా పెడతారు. 4.5 హెర్ట్జ్ (సెకనుకు నాలుగున్నర ఊపుల) జియోఫోన్లకు ఆ నిదానపు ఊపు సరిగా అందదు. చివరికి రాయి తగిలిన బోరు ఒక్కటైనా ఉంటేనే లెక్క సరిచూడగలం.

ఈ సన్నని కదలికను "రాత్రిపూట కొలిస్తే మేలు" అని రాశావు. ఊళ్లో నిజమే. కోస్తాలో రొయ్యల చెరువుల పక్కన కుదరదు, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఎక్కువగా తిరిగేది రాత్రే. ఆ మోటార్ల వల్ల, నేల సెకనుకు ఎన్నిసార్లు ఎంతగా ఊగుతోందో చూపే గ్రాఫులో సూదిలాంటి మొన లేస్తుంది. అది మూడు దిశల్లోనూ ఒకేచోట కనబడితే యంత్రానిదని అనుమానించాలి. ఏరేటర్లు ఆపాక, మధ్యాహ్నపు సముద్రపుగాలి లేవకముందు కొలవడం మంచిది. పరికరాన్ని చెట్టు మొదట్లో, దున్నిన మట్టిలో పెట్టకూడదు. జానెడు గుంట తీసి, అడుగు గట్టిగా అదిమి, పరికరం మీది మట్టం చూపే బుడగ మధ్యకొచ్చేలా సరిచేసి, కనీసం అరగంట కదపకుండా ఉంచాలి. ఈ పని ఇంత వివరంగా రాయి, పాఠకుడు పొలంలో నిలబడి చూస్తున్నట్టుండాలి.

ఇంకొకటి. అడ్డం కదలికను నిలువు కదలికతో భాగించి గీసిన గ్రాఫు శిఖరం ఏ హెర్ట్జ్ దగ్గరుందో నమ్మొచ్చు. దాని ఎత్తు 6 ఉంది కదా అని "ఇక్కడ ఊపు ఆరు రెట్లు" అని మాత్రం రాయకు, ఆ వాక్యం చదివి ఇల్లు అమ్ముకునేవాళ్లుంటారు.

రెండో చిత్తుతో పాటు బోరు వివరాల నకలు కూడా పంపు, ఏ లోతులో ఇసుక, ఏ లోతులో బంక, రాయి ఎక్కడ తగిలిందో నీ అంకెలతో పోల్చి చూస్తాను.

ఇట్లు,
మీ అన్న