9000 ల్యూమెన్స్ ఎక్కడివి?

ప్రశ్న: మా హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. పాత టీవీ పోయింది. ఈసారి టీవీ వద్దు, చిన్న లేజర్ ప్రొజెక్టర్ కొందామని మావాడు ఒకటే గొడవ. ఆన్‌లైన్లో చూస్తే ఒకడు 12 వేల రూపాయలకే 9000 ల్యూమెన్స్ వెలుగు అంటాడు, పేరున్న కంపెనీవాడు లక్షకి దగ్గర్లో రేటు పెట్టి 500 ల్యూమెన్స్ అంటాడు. ఇదెక్కడి లెక్కండీ? తెర కొనాలా, గోడ మీద వేసుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ 9000 దెబ్బ నేనూ తిన్నానండి. నాలుగేళ్ల కిందట ఎంతో ఉత్సాహంగా తెప్పించి, రాత్రి భోజనాలయ్యాక లైట్లన్నీ ఆర్పి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి సినిమా వేస్తే పగటి సీన్లు మసక సాయంత్రంలా, రాత్రి సీన్లు రేడియో నాటకంలా ఉన్నాయి. మాటలు వినపడుతున్నాయి, మనుషులు లేరు. అది వెనక్కి తీసుకోవడానికి అమ్మినవాడు పది రోజులు తిప్పాడు.

సంగతేంటంటే, ఉత్త ల్యూమెన్స్ అని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లోపలి బల్బు వెలుగు లెక్కేసినా ల్యూమెన్సే, నోటికొచ్చింది రాసినా ల్యూమెన్సే. మీరు చూడాల్సింది ఆన్సీ ల్యూమెన్స్, లేదా ఐఎస్ఓ ల్యూమెన్స్, అంటే ప్రమాణాల సంస్థలు పెట్టిన పద్ధతిలో కొలిచినవి. ఆన్సీ పద్ధతిలో తెల్లటి బొమ్మని తెరమీద తొమ్మిది గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో వెలుగు కొలిచి, సగటు తీసి లెక్క కడతారు. అంటే లెన్సు దాటి బయటికొచ్చిన వెలుగు. పెట్టె మీద ఆన్సీ అనో ఐఎస్ఓ అనో లేకపోతే ఆ అంకె పక్కన ఎన్ని సున్నాలున్నా పట్టించుకోకండి.

ఇప్పుడా 500 సంగతి. మూల నుంచి మూలకి 100 అంగుళాల బొమ్మ అంటే 7 అడుగుల 3 అంగుళాల వెడల్పు, 4 అడుగుల ఒక అంగుళం ఎత్తు. చీకటి గదిలో మామూలు తెల్ల తెరమీద 500 ఆన్సీ ల్యూమెన్స్ ఇంత మేర పరిస్తే దాదాపు 57 నిట్స్ వెలుగొస్తుంది. నిట్స్ అంటే తెర ఎంత ప్రకాశంగా కనిపిస్తుందో చెప్పే కొలత. సినిమా హాళ్లకి పెట్టుకున్న ప్రమాణమే 48. కాబట్టి ఆ లక్ష రూపాయలవాడు మోసం చేయట్లేదు. కానీ చీకటి గది అన్నాను చూశారూ, కిటుకంతా అక్కడే ఉంది. ప్రొజెక్టర్ తెలుపు వేయగలదు గానీ నలుపు వేయలేదు. వెలుగు పడకుండా వదిలేసిన చోట గోడ ఎలా ఉంటే అదే మీకు నలుపు. హాల్లో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే, వంటింట్లోంచి వెలుగు పడుతుంటే ఆ నలుపు కాస్తా బూడిద రంగవుతుంది, హీరో జుట్టు నెరిసిపోతుంది. పొద్దున వార్తలు, మధ్యాహ్నం సీరియళ్లు కిటికీలు తెరిచి చూసే ఇల్లయితే మాత్రం నా మాట విని టీవీయే కొనండి. రాత్రి సినిమాలకే అంటారా, ముందు కిటికీలకి మందపాటి కర్టెన్లు కుట్టించి ఆ తర్వాత ప్రొజెక్టర్ సంగతి చూడండి.

కొనేముందు ఒక పని చేయండి. పాత పేపర్లు అతికించి, ఇందాక చెప్పిన కొలతలకి గోడ మీద ఒక చతురస్రం... కాదు, దీర్ఘచతురస్రం తయారుచేసి రెండు రోజులు అలాగే ఉంచండి. స్విచ్‌బోర్డు ఎక్కడ అడ్డొస్తోంది, తలుపు తెరిస్తే ఏమవుతోంది, క్యాలెండరు మేకు ఎవరు పీకాలి, అన్నీ అప్పుడే తేలిపోతాయి. తర్వాత టేపు పట్టుకుని వెనక్కి నడవండి. త్రో రేషియో 1.2 అని ఉంటే బొమ్మ వెడల్పుకి 1.2 రెట్లు దూరం, అంటే 100 అంగుళాలకి దాదాపు 8 అడుగుల 9 అంగుళాలు. మీ 11 అడుగుల వెడల్పులోనే సరిపోతుంది. సీలింగ్‌కి బిగిద్దామంటాడు కుర్రాడు. మన హాళ్లలో నడిమధ్య సీలింగ్ ఫ్యానుంటుంది. దాని రెక్క వెలుగు దారిలోకొచ్చిందంటే సినిమా అంతా టపటపా రెప్పలేస్తూనే ఉంటుంది. మా బావమరిది ఇంట్లో బిగించినరోజే విప్పాం. సోఫా పక్కన స్టూలు చాలా నయం, కాకపోతే గోడకి ఎదురుగా తిన్నగా పెట్టండి. పక్కనుంచి వేసి, వంకర బొమ్మని తిన్నగా చేసే కీస్టోన్ సెట్టింగ్‌తో సరిచేస్తే మూలలు సరిగానే కనిపిస్తాయి, కానీ దానికోసం బొమ్మని లోపలే కుదించేస్తుంది కాబట్టి వెలుగూ పోతుంది, నాణ్యతా పోతుంది.

గోడ నున్నగా, మెరుపు లేని తెల్ల రంగులో ఉంటే నెలా రెండు నెలలు గోడ మీదే చూడండి. గతుకులుంటే, లేత పసుపు డిస్టెంపరైతే తెర కొనాల్సిందే. ఇంకో మాట. మన సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో, అంటే టీవీ బొమ్మకన్నా ఇంకా వెడల్పుగా తీసినవే. అవి వేసినప్పుడు కిందా పైనా నల్లపట్టీలు పోను మీ నాలుగడుగుల ఎత్తులో బొమ్మకి మిగిలేది మూడడుగులే. ప్రొజెక్టర్ నలుపు ఎంత నలుపో ఆ పట్టీల్లోనే బయటపడుతుంది, షోరూంలో డెమో అడిగితే స్కోప్ సినిమానే వేయించండి. వాళ్లు చూపించే చిలకలూ పువ్వులూ ఏ మెషీన్లో అయినా బాగుంటాయి.

లేజరే ఎందుకంటే, పాత రకం ల్యాంపులు మూడు నుంచి ఐదు వేల గంటలకి మార్చాలి, పైగా వేడిమీద ఉండగా కరెంటు పోతే వాటికి మంచిది కాదు. లేజర్‌కి 20 వేల గంటలంటారు. రోజుకి మూడు గంటల చొప్పున 18 ఏళ్లు! అది వెలుగు సగానికి తగ్గేదాకా పట్టే కాలం, ఈలోగా ఫ్యానో బోర్డో పోదని ఎవరూ హామీ ఇవ్వరు. అందుకే సర్వీస్ సెంటర్ విజయవాడలోనో గుంటూరులోనో ఉందా అని ముందే అడగండి.

మోడళ్లు కూడా చెప్పమంటారు కదా. ఎల్‌జీ సినీబీమ్ క్యూ ఫోర్‌కే, 500 ఆన్సీ, కిలోన్నర బరువు, బొమ్మ ముద్దొస్తుంది, స్పీకర్ మాత్రం 3 వాట్లది ఒక్కటే. ఎప్సన్ ఈఎఫ్-12 ఫుల్ హెచ్‌డీయే గానీ 1000 ఐఎస్ఓ ల్యూమెన్స్, మీ హాలు పూర్తిగా చీకటి కాదంటే నా మొగ్గు దీనివైపే. ఏది కొన్నా సౌండ్‌బార్‌కి కొంత డబ్బు పక్కన పెట్టండి. నెట్‌ఫ్లిక్స్ యాప్ దాంట్లోనే నడుస్తుందా లేక విడిగా స్ట్రీమింగ్ స్టిక్ పెట్టాలా అన్నది కూడా అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత రేటు చెప్పి డిస్కౌంటిస్తున్నా అనేవాడితో జాగ్రత్త.

ప్రశ్న: ట్రిపుల్ లేజర్ అయితే రంగులు అదిరిపోతాయంటున్నారు. కానీ మా ఫ్రెండ్ ఇంట్లో ప్రొజెక్టర్ చూశాక మా అమ్మకి కళ్లు లాగి తలనొప్పి వచ్చింది. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మని తీసుకెళ్లకుండా కొనకండమ్మా. మామూలు లేజర్‌లో నీలం లేజర్‌ని ఫాస్ఫర్ అనే, వెలుగు రంగు మార్చే పూత మీద కొట్టించి మిగతా రంగులు పుట్టిస్తారు, ట్రిపుల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేటికవే. రంగులు నిజంగానే చిక్కగా ఉంటాయి. కొందరికి మాత్రం తెల్లటి చోట సన్నగా పంచదార చల్లినట్టు మెరుపు కనిపిస్తుంది. ఇంకో ఇబ్బంది డీఎల్‌పీ రకాలది, అంటే బుల్లి అద్దాలున్న చిప్‌తో బొమ్మ వేసేవాటిది. వాటిలో రంగులన్నీ ఒకేసారి రావు, ఒకదాని వెనక ఒకటి మహా వేగంగా వస్తాయి. చాలామందికి తెలియదు, కొందరి కంటికి అంచుల్లో ఇంద్రధనస్సు ముక్కల్లా దొరికిపోతాయి, తలనొప్పి ఎక్కువగా వాళ్లకే. నల్ల తెరమీద తెల్ల అక్షరాలు పడుతున్నప్పుడు అమ్మని చూపు గబగబా అటూ ఇటూ తిప్పమనండి. రంగులు కనిపిస్తున్నాయంటే డీఎల్‌పీ వదిలేసి, మూడు రంగులకీ వేర్వేరు పలకలుండే త్రీ ఎల్‌సీడీ రకం చూడండి, అందులో ఈ గొడవ ఉండదు.

ప్రశ్న: మా బావ డాలస్ నుంచి వస్తున్నాడు. బ్యాటరీ ఉన్న బుల్లి లేజర్ ప్రొజెక్టర్ తెమ్మందామా? డాబా మీద టీ20లు చూడాలని కోరిక.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అడాప్టర్ మీద 100–240 వోల్ట్స్ అని ఉంటే కరెంటు గొడవ లేదు, పిన్ను మార్చుకుంటే చాలు. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి. బ్యాటరీ ఉంటుంది కాబట్టి చేతిసంచీలోనే పెట్టుకు రమ్మనండి. నెబ్యులా క్యాప్సూల్ 3 లేజర్ లాంటిది కూల్‌డ్రింక్ డబ్బా అంత ఉంటుంది, 300 ఆన్సీ ల్యూమెన్స్. దాన్ని 100 అంగుళాలకి సాగదీయకుండా 70 దగ్గర ఆపితే చీకటి డాబా మీద చక్కగా కనిపిస్తుంది. పొద్దుగూకకముందు మొదలయ్యే మ్యాచ్ టాస్ చూడలేరనుకోండి. బ్యాటరీ రెండున్నర గంటలు, టీ20 అంతకన్నా ఎక్కువ, అంటే రెండో ఇన్నింగ్స్ మంచి పట్టులో ఉండగా ఆరిపోతుంది. కింది నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాక్కోండి. వాన వెలిసిన రాత్రి మాత్రం పెట్టకండి, ఉసుళ్లన్నీ ఆ లెన్సు మీదికే వస్తాయి, ఒక్కోటి తెరమీద వికెట్ కీపరంత కనిపిస్తుంది.