పర్యావరణం మీద కవిత రాస్తే నినాదంలా వస్తోంది, ఏం చేయాలి?

చెట్ల మీద, నదుల మీద, కాలుష్యం మీద ఎంత రాసినా గోడమీద రాతలాగే ఉంటోందని, కవితలా అనిపించడం లేదని అడిగారు. ఈ బాధ నేనూ చాలా ఏళ్లు పడ్డాను, అందుకే రాస్తున్నాను.

మాది కైకలూరు దగ్గర కొల్లేటి అంచున ఉన్న ఊరు. కాలేజీ రోజుల్లో కొల్లేరు మీద డజను కవితలైనా రాసి ఉంటాను. అన్నిట్లోనూ "ఓ మనిషీ" అని ఒక పిలుపు, ప్రకృతి తల్లి కన్నీళ్లు, చివర్లో "మేలుకో". ఒకరోజు ఒక కవితలో కొల్లేరు తీసేసి హుస్సేన్‌సాగర్ అని పెట్టి చదివాను. ఎక్కడా అడ్డు తగల్లేదు. మా కొల్లేరు అందులో లేనే లేదని అప్పుడు తెలిసింది, చాలా సిగ్గేసింది.

మా మామ్మ మాటల్లో మాత్రం కొల్లేరు ఉంటుంది. ప్రకృతి అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. కిక్కిస గడ్డి, దోనె, చేపలు పట్టే మావు, కొర్రమీను చేప, జెల్ల చేప, గూడబాతు పిట్ట, ఇలా దేన్నైనా దాని పేరుతోనే అంటుంది. గుర్రపుడెక్క ఊదారంగు పూలు పూస్తే నేను ఫొటో తీసుకుంటాను, ఆవిడకి అది దోనెని కదలనివ్వని కలుపు. చిన్నప్పుడు కొల్లేటి నీళ్లే తాగి పెరిగిన మనిషి ఇప్పుడు అన్నానికి ఎసరు పెట్టాలన్నా టిన్ను నీళ్లు కొనుక్కుంటోంది. ఒక వానాకాలమంతా ఆవిడ మాటలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మీరు కూడా ముందు ఈ పని చేయండి. మీ ఊరి చెరువులో గడ్డి పేరేంటో, గట్టు మీద చెట్టు పేరేంటో పెద్దవాళ్లని అడగండి. గోరటి వెంకన్న గారికి 2021 సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన పుస్తకం పేరు చూడండి, "వల్లంకి తాళం". పిట్ట పేరు అట్టమీదే ఉంది.

పేర్లు పెట్టాక నా కవితలు కాస్త బాగుపడ్డాయి. అయినా ఏదో అబద్ధం మిగిలిపోయింది. అది పట్టుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

కొల్లేటిలో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని 1999లో ప్రకటించారు. అప్పటికే లోపలంతా చేపల చెరువులు. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లాక 2006లో ఆ చెరువుల గట్లు కొట్టేశారు. ఆ చెరువులు తవ్వినవాళ్లని నా కవితల్లో "స్వార్థపరులు" అనేదాన్ని. ఒక సంక్రాంతికి ఇంట్లో పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే నాన్న లెక్కల పుస్తకం దొరికింది. ఎడమ పేజీలో "చెరువు కౌలు వాటా". కుడి పేజీలో, అదే నెలలో, "పాప ఇంటర్ ఫీజు". పాప అంటే నేనే. గట్లు కొట్టిన ఏడాది మా ఇంట్లో సరిగ్గా అన్నం తిన్నవాళ్లు లేరు. తర్వాత ఆ ఖాళీ నీళ్ల మీద గూడబాతులు దిగుతుంటే నేను సంతోషపడ్డాను. రెండూ నిజమే. నా కవితల్లో మాత్రం రెండోదే ఉండేది.

కరుణశ్రీ గారి "పుష్ప విలాపం" ఆ తర్వాత మళ్లీ చదివాను. చిన్నప్పటినుంచీ ఘంటసాల గారి గొంతులో విన్నదే. అందులో కవి ఊళ్లోవాళ్లని నిలదీయడు. పూజకని పూలు కోయబోయింది తనే, పూలు ఏడుస్తూ అడిగేదీ తననే. ఆ పద్యాలు గుండెల్లో గుచ్చుకునేది అందుకేనని నాకు అనిపిస్తుంది. మీరు కూడా చెట్టు కొట్టినవాడి మీద రాసే ముందు మీ ఇంటి తలుపు ఏ చెక్కతో చేశారో ఒకసారి చూడండి.

నేను చివరికి రాసుకున్నది ఇంతే:

కౌలు డబ్బులు అందినవి
పాప ఫీజు కట్టినవి
నాన్న పుస్తకంలో మధ్యన గీత
చెరువు గట్టంత లావుగా.
ఇటు జెల్లలు
అటు నేను.

మామ్మకి చదివి వినిపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "జెల్ల అని రాశావు సరే, దాని ముల్లు గుచ్చుకుంటే చెయ్యెలా మండుతుందో రాయలేదేమే?" అంది. నాకెప్పుడూ గుచ్చుకోలేదు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆవిడ పక్కన కూర్చుని అడిగి రాసుకోవాలి.