ఫోన్‌లో ఇన్సూరెన్స్ ఉన్నా కారులో ఒక ప్రింటు ఉంచండి

ఇన్సూరెన్స్ పీడీఎఫ్ ఫోన్‌లో ఉన్నప్పుడు కారులో కాగితం కూడా పెట్టుకోవాలా అని అడిగారు. తప్పకుండా పెట్టుకోండి. పోలీసుల కోసం కాదు, యాక్సిడెంట్ అయినప్పుడు అవతలివాళ్లకు చూపించడం కోసం.

పోలీసుల దగ్గర కాగితం అవసరం చాలాచోట్ల తగ్గిపోయింది. భారత్‌లో 2018లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించి, ఎలక్ట్రానిక్ రూపంలో చూపినా చెల్లుతుందన్నారు. ఫ్రాన్స్‌లో అయితే 2024 ఏప్రిల్ 1 నుంచి అద్దానికి అంటించే ఆకుపచ్చ బీమా స్టిక్కరే తీసేశారు. బండి నంబరు కొడితే బీమా ఉందో లేదో పోలీసులకు తెలిసిపోతుంది. కానీ రోడ్డు మీద మన ఎదురుగా నిలబడ్డ మనిషికి ముందు కావలసింది కంపెనీ పేరు, పాలసీ నంబరు, గడువు తేదీ. అవీ అప్పటికప్పుడే కావాలి.

పోయినేడాది మా చెల్లి నా కారు తీసుకెళ్లింది. వానలో బ్రేకు వేసినా జారి ముందున్న కారుకు తగిలింది. అదృష్టం, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పాలసీ రెన్యూ చేసి అప్పటికి మూడు వారాలు. కొత్తది నా మెయిల్‌లో ఉంది. నేనేమో ఫోన్ ఆపేసి మీటింగ్‌లో ఉన్నాను. గ్లవ్‌బాక్స్ తెరిస్తే దానికి దొరికింది మడతల దగ్గర చిరిగిన పాత పాలసీ. అవతలాయన గడువు తేదీ మీద వేలు పెట్టి, "మీ బండికి అసలు ఇన్సూరెన్సే లేదు" అని పట్టుకున్నాడు. నేను ఫోన్ ఆన్ చేసేసరికి పదిహేడు మిస్డ్ కాల్స్. పీడీఎఫ్ పంపాక గానీ ఆయన శాంతించలేదు. చెల్లి గంటసేపు ఆ టెన్షన్‌లో వానలో నిలబడిందంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి పాత కాగితం ఉంచడం, ఏదీ లేకపోవడం కంటే నయమేమీ కాదు. రెన్యూ చేసిన రోజే సర్టిఫికెట్ ఉన్న పేజీ వరకు ప్రింటు తీసి, పాతది బయట పడేయండి. షరతుల పేజీలన్నీ అక్కర్లేదు. పీడీఎఫ్‌ను మెయిల్‌లో వదిలేయకుండా ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ లేనిచోట కూడా తెరుచుకుంటుంది. కారు నడిపే ప్రతి ఒక్కరికీ పంపండి.

ఇంకో మాట. అన్‌లాక్ చేసిన ఫోన్ పరాయివాళ్ల చేతికివ్వడం నాకు నచ్చదు. కాలిఫోర్నియాలో 2013 నుంచి ఫోన్‌లో బీమా చూపించవచ్చు, కానీ అధికారి అందులో ఇంకేదీ చూడకూడదని చట్టంలోనే రాశారు. కాగితమైతే ఆ గొడవే లేదు. పైగా ఆ సమయంలో ఫోటోలు తీయడానికి, ఇంటికి ఫోన్ చేయడానికి మన ఫోన్ మన చేతిలోనే ఉండాలి.

ఈసారి ప్రింటు మీద గడువు తేదీ కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, అది ఎక్కడ పెట్టానో చెల్లికి చూపించాను.