సవారీ ఆగాక ఏనుగు ఏం తినాలి?

బుజ్జమ్మా,

నువ్వు పంపిన వీడియో రాత్రి రెండుసార్లు చూశాను. జైపూర్ దగ్గరి ఆమెర్ కోటకి ఎక్కే రాళ్ల దారి, ముఖం నిండా రంగులు పూసిన ఏనుగు, పైన ఇద్దరు టూరిస్టులు. "పెదనాన్నా, దీన్ని ఆపించాలి, ఎక్కడ మొదలుపెట్టను?" అని అడిగావు. ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా చేసి, రిటైరయ్యాక ఇలాంటి గొడవల్లో తలదూర్చినవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తా. చాలా ఏళ్ల కిందట ఒక పార్కులో ఏనుగు సవారీ ఆపాలని పదిహేను మందిమి గేటు ముందు ప్లకార్డులు పట్టుకుని కూర్చున్నాం. పేపర్లో ఫొటో పడింది. నెల తిరక్కుండా సవారీ ఆగింది. స్వీట్లు పంచుకున్నాం. మూడు నెలల తర్వాత వెళ్లి చూస్తే ఆ ఏనుగు షెడ్డులో రెండు కాళ్లకీ గొలుసులతో నిలబడి ఉంది. రాబడి లేదని మేత సగానికి తగ్గించారట. తర్వాత ఓనరు దాన్ని వేరే రాష్ట్రంలో పెళ్లి ఊరేగింపులకి తిప్పుతున్నాడని తెలిసింది. పెద్ద ఏనుగుకి రోజుకి 150 కిలోల దాకా మేత, 100 లీటర్లకి పైగా నీళ్లు కావాలి. డాక్టర్ని, అది నాకు తెలియనిదా? గేటు దగ్గర అరుస్తున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

అందుకని నీ మొదటి అర్జీలోనే, "సవారీ ఆపండి" అన్న మాట పక్కనే, ఏనుగుని ఎక్కడ ఉంచాలి, మేత ఖర్చు ఎవరిది, మావటికి జీతం ఎలా అన్నవి ఉండాలి. "అడవిలో వదిలేయండి" అని మాత్రం రాయకు. ఇన్నేళ్లు మనుషుల మధ్య బతికిన ముసలి ఏనుగుని అడవిలో వదిలితే తిరిగి తిరిగి ఊరి పొలాల్లోకే వస్తుంది. వియత్నాంలో యోక్ డాన్ అని ఒక నేషనల్ పార్కు ఉంది. 2018లో అక్కడ సవారీలు మానేశారు. ఇప్పుడు టూరిస్టులు డబ్బు కట్టి, అడవిలో మేస్తూ తిరిగే ఏనుగుల వెనక దూరంగా నడిచి చూస్తారు. మావటులకి పని పోలేదు. ఆఫీసరు "అయితే ఏం చేయమంటారు?" అని అడిగినప్పుడు చూపించడానికి ఇది దగ్గర పెట్టుకో.

తర్వాత పని, మావటులతో మాట్లాడటం. ఫోన్ జేబులోంచి తియ్యకు. అడక్కుండా ఏనుగుకి అరటిపండు కూడా పెట్టకు. టీ తాగించి, ఇంట్లో ఎంతమంది, పిల్లలు ఏం చదువుతున్నారు అని అడుగు. నాకు తెలిసిన ఒక మావటి తెల్లారకముందు షెడ్డులోకి తీసుకెళ్లి, వీపు మీది గద్దె విప్పి, కింద వేసిన గోనెసంచి ఎత్తి చూపించాడు. వెన్ను మీద అరచేతంత పుండు, దాని మీద పసుపూ వేపనూనే. గద్దె రుద్దుకునేది సరిగ్గా ఎముక పొడుచుకొచ్చిన చోటే. "ఇవాళ కట్టకూడదు డాక్టర్ సాబ్, కట్టకపోతే నాకు కూలి లేదు" అన్నాడు. సంచి మళ్లీ పరిచి, గద్దె బిగిస్తూనే అన్నాడా మాట. ఆ పుండు గురించి నాకు చెప్పింది అతనొక్కడే, పార్కు వాళ్లు కాదు.

దగ్గరికి వెళ్లినప్పుడు పాదాలు చూడు. గోళ్ల చుట్టూ చర్మం ఎండి పగిలిందా, గోరు చీలిందా? నిలబడ్డ చోటే తల అటూ ఇటూ ఊపుతోందా? జనం దాన్ని చూసి "డాన్స్ చేస్తోంది" అని వీడియో తీస్తారు. అది కట్టేసి కట్టేసి పట్టుకున్న జబ్బు. కళ్లలోంచి నీళ్లు కారితే మాత్రం ఏడుస్తోందని రాయకు, ఏనుగుకి అది మామూలే. ఇద్దరు ఎక్కితే నడుం విరిగిపోతుందనీ రాయకు. అవతలి డాక్టరు "ఇది తప్పు" అని ఒక్క మాటంటే నీ మిగతా కాగితాలన్నీ చెత్తబుట్టలోకే. పుండ్లు, కాలే రాళ్లు, నీడ లేకుండా నిలబెట్టే గంటలు, ఇవి చాలు.

కాగితాల పని విసుగు. అయినా చెయ్యి. ఆర్‌టీఐకి ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కో ఏనుగుకి ఓనర్‌షిప్ సర్టిఫికెట్ ఉందా, ప్రదర్శన జంతువుల 2001 నిబంధనల కింద రిజిస్ట్రేషన్ ఉందా, చివరి టీబీ పరీక్ష ఎప్పుడు చేశారు, రోజుకి ఎన్ని ట్రిప్పులు, ఇంతవరకే అడుగు. 2018లో జంతు సంక్షేమ మండలి తనిఖీ చేస్తే జైపూర్ ఏనుగుల్లో పదింటికి టీబీ పరీక్ష పాజిటివ్ వచ్చింది. టీబీ ఏనుగు నుంచి మనిషికీ మనిషి నుంచి ఏనుగుకీ అంటుతుంది, కాబట్టి జంతువుల మీద జాలి లేని ఆఫీసరు కూడా ఆ కాగితం పక్కన పెట్టలేడు. 2024 ఫిబ్రవరిలో అక్కడే ఒక ఏనుగు రష్యన్ టూరిస్టుని కిందపడేసిన సంగతీ అంతే. అది రాసేటప్పుడు ఏనుగుని రౌడీని చెయ్యకు. అన్నట్టు, నీది గవర్నమెంటు బ్యాంకు ఉద్యోగం. నీ పేరుతో ఏదైనా పెట్టేముందు సర్వీసు రూల్స్ చూసుకో. అర్జీ మీద ఆ ఊరివాళ్ల సంతకాలుంటే ఇంకా మంచిది.

"రాజులు ఎక్కలేదా? తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఏనుగు నడవదా?" అని అడుగుతారు. మనవాళ్లే అడుగుతారు. గుడి సంగతిలోకి దిగకు, అందులో పడితే బయటికి రాలేవు. కోట దారి గురించే మాట్లాడు, పైకి వెళ్లడానికి జీపులున్నాయి కదా అను. మన ఊళ్ల నుంచి ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ ప్యాకేజీలు నడిపే టూర్లవాళ్లతో మాట్లాడే పని నాకు వదిలెయ్. ఇద్దరు ముగ్గురు తెలుసు. ఒకాయన మన మాట వినడు, అయినా అడుగుతా.

తొందరపడకు. కంబోడియాలో అంగ్‌కోర్ వాట్ దగ్గర 2016లో సాంబో అనే ఏనుగు టూరిస్టుల్ని మోసి, ఎండలో కుప్పకూలి చచ్చిపోయింది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. అక్కడ సవారీలు ఆగింది 2020లో.

పెద్దమ్మ మోకాలి ఆపరేషన్ కాగానే ఇద్దరం అక్కడికి వస్తాం. ఆవిడ కోట చూస్తుంది, మనం పొద్దున్నే షెడ్డుకి వెళ్దాం. ఈలోగా ఒక మావటితోనైనా పరిచయం చేసుకో. ఆర్‌టీఐ డ్రాఫ్ట్ రాశాక పంపించే ముందు నాకు వాట్సాప్ చెయ్యి, అక్కడి ఆఫీసులో హిందీలో ఇస్తేనే తొందరగా కదులుతుంది.

మీ పెదనాన్న