నెల సరుకు ఐదు గంటల్లో ముగించే యంత్రం మీకెందుకు?

ప్రశ్న: తెనాలిలో ఇంటి దగ్గరే కారం, పసుపు, ధనియాల పొడి, కందిపొడి, వెల్లుల్లి కారం చేసి అమ్ముతున్నాను. నెలకు 12,000 ప్యాకెట్లు, అన్నీ 200 గ్రాములవే. ఇద్దరు ఆడవాళ్లు చేత్తో తూచి నింపి సీలు వేస్తారు. నిమిషానికి 40 ప్యాకెట్లు చేసే ఆటోమేటిక్ యంత్రం 6 లక్షలు చెబుతున్నారు. పొడి నింపే ఆగర్ ఫిల్లర్, పౌచ్ మూతిని వేడితో అతికించే బ్యాండ్ సీలర్ విడిగా కొంటే రెండూ కలిపి 1,85,000. జీఎస్టీ అదనం. నగలు తాకట్టు పెట్టి పెద్దదే కొందామని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చిన్నవే కొనండి. నగల జోలికి వెళ్లకండి.

నిమిషానికి 40 అంటే గంటకు 2,400. మీ నెల సరుకంతా ఐదు గంటల్లో అయిపోతుంది. రకం మార్చినప్పుడల్లా కడిగి ఆరబెట్టడం, మధ్యలో ఆగిపోవడం అన్నీ కలిపి మూడు రోజులు వేసుకున్నా, మిగతా నెలంతా యంత్రం ఊరికే పడి ఉంటుంది. వాయిదా మాత్రం ప్రతి నెలా కట్టాల్సిందే. 18 శాతం జీఎస్టీతో దాని ధర 7,08,000. అందులో 5 లక్షలు 11 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 10,870 రూపాయలు. పైగా అది రోల్ నుంచి పౌచ్‌ను తనే తయారుచేసుకునే రకం. మీ ఐదు పొడులకూ ఐదు ముద్రించిన రోల్స్ కావాలి, ముద్రణకు రంగుకొక సిలిండర్ చేయించాలి. కొటేషన్‌లో ఈ ఖర్చు కనిపించదు.

మీ డబ్బు తూకం దగ్గర పోతోందని నా అనుమానం. చేత్తో నింపేవారు తగ్గుతుందేమోనన్న భయంతో ఒక పిసరు ఎక్కువే వేస్తారు. నిన్న కట్టిన ప్యాకెట్లలో 50 తీసి ఒక్కొక్కటీ తూచండి, ఖాళీ పౌచ్ బరువు తీసివేసి కాగితం మీద రాసుకోండి. సగటున 4 గ్రాములు ఎక్కువ వచ్చిందనుకుందాం. నెలకు 48 కిలోలు! కిలోకు మీ ఖర్చు 280 రూపాయలైతే 13,440 రూపాయల సరుకు ఉచితంగా వెళ్లిపోతోంది. ఫిల్లర్‌తో ఆ ఎక్కువ 1 గ్రాముకు దిగితే 36 కిలోలు, అంటే 10,080 రూపాయలు మిగులుతాయి. జీఎస్టీతో 2,18,300 పెట్టిన రెండు యంత్రాలూ 22 నెలల్లో తమ ఖరీదు తామే సంపాదిస్తాయి. తూచి చూస్తే తేడా ఒక గ్రామే అని తేలితే మాత్రం సీలర్ ఒక్కటే కొని ఆగండి.

తనిఖీ భయం ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం 200 గ్రాముల ప్యాకెట్ ఒక్కటి 9 గ్రాముల వరకు తగ్గినా సహిస్తారు, కానీ పరీక్షించిన ప్యాకెట్ల సగటు తగ్గకూడదు. ఫిల్లర్‌ను 201 గ్రాములకు సర్దుకుంటే చాలు.

కప్పుతో కొలిచే చవక ఫిల్లర్ చూపిస్తే వద్దనండి. పప్పులకు, పంచదారకు అది బాగానే ఉంటుంది. కారం ఒకసారి గుల్లగా, ఒకసారి గట్టిగా పడి బరువు మారిపోతుంది. పొడిని తిరిగే స్క్రూతో కిందికి తోసే ఆగరే మీకు సరైనది. డెమోకు మీ సరుకే పట్టుకెళ్లండి, ముఖ్యంగా వెల్లుల్లి కారం. తడి, నూనె ఉన్న పొడి తొట్టి గోడలకు అంటుకుని కిందికి దిగకపోవచ్చు. అరగంట నడిపించి ప్రతి పదో ప్యాకెట్‌నూ తూచండి. పౌచ్ మూతి లోపల కారం అంటుకుంటే సీలు పట్టదు కాబట్టి, సీలు వేసిన కొన్నింటిని నీళ్ల బకెట్‌లో ముంచి నొక్కండి. బుడగలు వస్తే ఆ సీలు పనికిరాదు. సీలర్‌లో తరచుగా అరిగేది టెఫ్లాన్ బెల్టు. అది విజయవాడలోనో గుంటూరులోనో దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

ఇక అప్పు సంగతి. నగల రుణం సాధారణంగా ఏడాదిలో తీర్చాలి, మీకు పెట్టుబడి తిరిగి రావడానికే దాదాపు రెండేళ్లు పడుతుంది. ఆ లెక్క కుదరదు. బ్యాంకులో టర్మ్ లోన్, అంటే కొన్నేళ్లపాటు వాయిదాల్లో తీర్చే అప్పు అడగండి. ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకం, పీఎంఎఫ్‌ఎంఈ కింద ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారేమో అక్కడే కనుక్కోండి. 2020లో మొదలైన ఆ పథకంలో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. మీ వాటా కనీసం 10 శాతం ఉండాలి. సబ్సిడీ మీ చేతికి రాదు, మూడేళ్లు వాయిదాలు సక్రమంగా కట్టాక అప్పులో సర్దుతారు. అందుకే సబ్సిడీ లేదనుకునే వాయిదా లెక్కేసుకోండి, మంజూరు కాకుండా యంత్రం కొనకండి. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే జీఎస్టీ కాంపోజిషన్‌ పద్ధతిలో మీరు ఉంటే యంత్రం మీద కట్టిన పన్ను వెనక్కి రాదు.

ఆ ఇద్దరినీ మాత్రం మానిపించకండి. ఒకరు ఫిల్లర్ దగ్గర, ఒకరు సీలర్ దగ్గర ఉంటే ప్యాకింగ్ పూటలో అయిపోతుంది, మిగతా పూట వేయించడానికి, దుకాణాలకు సరుకు పంపడానికి చేతులు దొరుకుతాయి. అమ్మకాలు పెరిగేది అక్కడే. ఒక్క కారమే రోజుకు 3,000 ప్యాకెట్లు దాటిన నాడు పెద్ద యంత్రం కొటేషన్ మళ్లీ పంపండి, అప్పటి అంకెలతో చూద్దాం.