విదేశంలో థెరపిస్టు ఫీజు కట్టలేకపోతున్నా.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 27. చదువు కోసం విదేశానికి వచ్చి ఏడాదిన్నర అయింది. నాలుగు నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదు. ఊరికే ఏడుపొస్తోంది, క్లాసులకు వెళ్లబుద్ధి కావడం లేదు. ఇక్కడ థెరపిస్టు గంటకు అడిగే ఫీజు నా వారం ఖర్చంత! స్వదేశంలోని కౌన్సెలర్‌తో వీడియో కాల్‌లో మాట్లాడితే సరిపోతుందా?

జవాబు: ఇలాంటి లక్షణాలు రెండు వారాలు దాటితేనే డిప్రెషన్ ఉందేమో చూస్తాం. మీకు నాలుగు నెలలైంది కాబట్టి ఇక ఆలస్యం చేయొద్దు. మీరు చూసింది ప్రైవేటు థెరపిస్టు ఫీజు అయ్యుంటుంది. ఉన్నవాటిలో ఖరీదైన దారి అదే.

ముందు మీ యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లండి. చాలాచోట్ల కొన్ని సెషన్లు ఉచితం. ప్రొఫెసర్లకు తెలిసిపోతుందేమోనన్న భయం ఉంటే, నా విషయాలు ఎవరెవరికి చెబుతారని మొదటిరోజే అడిగేయండి. ఆ సెషన్లు అయిపోతే సైకాలజీ విభాగం నడిపే ట్రైనింగ్ క్లినిక్ ఉందేమో కనుక్కోండి. ట్రైనీ అనగానే వెనకాడొద్దు, వాళ్ల పని మీద సీనియర్ పర్యవేక్షణ ఉంటుంది. గడియారం చూసుకుంటూ కూర్చునే పేరున్న నిపుణుడి కన్నా శ్రద్ధగా వినే ట్రైనీయే నయమంటాను.

ప్రైవేటువాళ్లలోనూ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించేవారున్నారు. దీన్నే స్లైడింగ్ స్కేల్ అంటారు. మొహమాటపడకుండా నలుగురైదుగురికి మెయిల్ పెట్టండి: ‘నేను స్టూడెంట్‌ని. సెషన్‌కు ఇంతవరకే ఇవ్వగలను. మీకు కుదరకపోతే తక్కువ ఫీజుకు చూసేవారిని చెప్పగలరా?’ ఇన్సూరెన్స్‌వాళ్లను ‘కవర్ ఉందా?’ అని మాత్రమే అడిగితే ఉందనే అంటారు. ఎన్ని సెషన్లకు ఇస్తారు, ముందు మన చేతి నుంచి ఎంత పడుతుంది, డాక్టర్ రిఫరల్ కావాలా అన్నవి విడివిడిగా అడగాలి.

ఇక వీడియో కాల్ సంగతి. మాతృభాషలో చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది, కాదనను. కానీ చాలా దేశాల్లో పేషెంటు ఎక్కడుంటే అక్కడి లైసెన్స్ నిబంధనలే వర్తిస్తాయి. ఆ కౌన్సెలర్ మిమ్మల్ని చూడొచ్చో లేదో ముందే అడగండి. మందులు అవసరమైతే అక్కడి ప్రిస్క్రిప్షన్ మీరున్నచోట చెల్లకపోవచ్చు. రాత్రికి రాత్రి పరిస్థితి విషమిస్తే ఆయన అంత దూరం నుంచి ఏమీ చేయలేరు కూడా.

అందుకే దగ్గర్లోని జనరల్ డాక్టర్‌ను ఒకసారి కలవండి. థైరాయిడ్ తేడాలు, రక్తహీనత, బి12 లోపం ఉన్నా నీరసం, దిగులు రావచ్చు. మందులు రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మీ అంతట మీరు ఆపేయొద్దు. అపాయింట్‌మెంట్ దొరికేలోపు, ఒత్తిడిని తట్టుకోవడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో బొమ్మలతో తెచ్చిన ఉచిత గైడ్‌ను ఆన్‌లైన్‌లో చూడొచ్చు.

చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఫీజు, అపాయింట్‌మెంట్ అని ఆలోచించొద్దు. వెంటనే మీరున్న దేశపు ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి, పక్కన ఎవరినైనా ఉండమనండి. ఆ నంబరు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.