పోలరైజ్డ్ కాంతి పడితే అణువులోంచి ఎలక్ట్రాన్ ఎటు వస్తుంది?

మీరు ముఖ్యంగా అడిగినవి రెండు. హైడ్రోజన్, నైట్రోజన్ లాంటి చిన్న అణువుల మీద పోలరైజ్డ్ (అంటే విద్యుత్ క్షేత్రం ఒకే దిక్కులో ఊగే) అతినీలలోహిత కాంతి వేసి ఎలక్ట్రాన్‌ని ఊడగొడితే అది ఎటు పోతుంది? వాయువులో అణువులు తలో దిక్కుకి తిరిగి ఉంటాయి కదా, మరి అసలు ఒక దిక్కు అనేది ఎలా మిగులుతుంది? రెండో దాని దగ్గర నేనూ చాలాకాలం ఆగిపోయాను, అందుకే దాని గురించి ఎక్కువ రాస్తాను.

నాది ఆమదాలవలస దగ్గర పల్లె. వైజాగ్‌లో ఎమ్మెస్సీ స్పెక్ట్రోస్కోపీ చేసి, ఇప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తున్నాను. ఎమ్మెస్సీ వైవాలో నన్ను మీ మొదటి ప్రశ్నే అడిగారు. కాంతి ఎటు పోతుంటే ఎలక్ట్రాన్ కూడా అటే ఎగురుతుందని చెప్పాను. ఎగ్జామినర్ కోప్పడలేదు, బోర్డు దగ్గరికి వెళ్లి ఫోటాన్ (కాంతి కణం), ఎలక్ట్రాన్ రెండింటి మొమెంటమ్ (ద్రవ్యవేగం) లెక్కకట్టమన్నారు. ఆ లెక్క మీరూ ఒకసారి వేయండి. హీలియం దీపం నుంచి వచ్చే ఫోటాన్ శక్తి 21.22 ఎలక్ట్రాన్ వోల్టులు, హైడ్రోజన్ అణువులోంచి ఎలక్ట్రాన్‌ని లాగడానికి 15.43 కావాలి, మిగిలిన సుమారు 5.8, అయాన్ (ఎలక్ట్రాన్ పోయాక మిగిలిన అణువు) కంపనాలకి పోయేది వదిలేస్తే, దాదాపు మొత్తం ఎలక్ట్రాన్‌కే పోతుంది, ఎందుకంటే ఆ అయాన్ దానికంటే మూడువేల ఆరువందల రెట్లకు పైగా బరువు. ఆ 5.8 వోల్టుల ఎలక్ట్రాన్ మొమెంటమ్‌లో ఫోటాన్ మొమెంటమ్ నూరో వంతు కూడా లేదు. అంత చిన్న తోపుడుకి ఎలక్ట్రాన్ ముందుకి పోవడం అనేది లేదు. ఎక్స్‌రేల శక్తికి వెళ్తే కొంచెం ముందుకి వాలుతుంది, ఇక్కడ దాన్ని వదిలేయొచ్చు.

దిక్కుని నిర్ణయించేది కాంతి ప్రయాణం కాదు, దాని విద్యుత్ క్షేత్రం ఊగే దిక్కు. సాయంత్రం నాగావళి బ్రిడ్జి మీద నిలబడి పోలరాయిడ్ కళ్లజోడుని మెల్లగా తిప్పి చూడండి, నీటి మీద మెరుపు ఒక కోణంలో తగ్గి మళ్లీ వస్తుంది. కాంతికి అలాంటి అడ్డం, నిలువు ఉందని పుస్తకంలో చదివిన దానికంటే అక్కడే నాకు బాగా ఎక్కింది. హైడ్రోజన్ అణువులో ఎలక్ట్రాన్ మేఘం దాదాపు గుండ్రం. ఫోటాన్ దగ్గర ఒక యూనిట్ కోణీయ ద్రవ్యవేగం తీసుకుని ఎలక్ట్రాన్ పి-అలగా, అంటే ఎదురెదురుగా రెండు తమ్మెలున్న అలగా బయటికి వస్తుంది, ఆ రెండు తమ్మెలూ క్షేత్రం వెంబడి ఉంటాయి. లెక్కలో రాస్తే ఒక్కో దిక్కులో వచ్చే ఎలక్ట్రాన్ల తీవ్రత 1 + బీటా × పి2(కాస్ థీటా), ఇందులో థీటా క్షేత్రం నుంచి కొలిచిన కోణం, పి2 అంటే (3 కాస్ స్క్వేర్ థీటా - 1)/2, బీటా అంటే దిక్కుల మధ్య తేడా ఎంతో చెప్పే సంఖ్య. బీటా -1 నుంచి 2 వరకే ఉండగలదు. హీలియంకి 2, హైడ్రోజన్ అణువుకి 2కి బాగా దగ్గర. ఉదాహరణకి బీటా 1.8 అనుకుంటే, క్షేత్రం వెంబడి 2.8, దానికి అడ్డంగా 0.1, అంటే ఇరవై ఎనిమిది రెట్లు తేడా. 54.7 డిగ్రీల దగ్గర పి2 సున్నా అయిపోతుంది, కాబట్టి బీటా ఎంతైనా అక్కడ తీవ్రత మారదు, డిటెక్టర్‌ని అక్కడ పెట్టేది అందుకే. నీటి మీద మెరుపు పూర్తిగా పోలరైజ్ అయ్యే బ్రూస్టర్ కోణం 53 డిగ్రీలు, దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు, మా పిల్లలు రెండూ కలిపేస్తుంటారు.

ఇక తలో దిక్కు సంగతి. మామిడితోటలో పది చెట్లకి పది ఉయ్యాలలు, తలో వైపు తిరిగి కట్టి ఉన్నాయనుకోండి. తూర్పు నుంచి గాలి కొడితే తూర్పు-పడమరలుగా ఊగేవి బాగా ఊగుతాయి, అడ్డంగా కట్టినవి కదలవు. గాలి ఏ ఉయ్యాలనీ తిప్పలేదు, కానీ ఊగుతున్న వాటిని చూస్తే గాలి ఏ వైపుదో తెలిసిపోతుంది. అణువులూ అంతే, తిరగనక్కర్లేదు, క్షేత్రంతో సరిపడే దిక్కున్నవి కాస్ స్క్వేర్ లెక్కన ఎక్కువగా అయనీకరణం అవుతాయి, అంటే ఎలక్ట్రాన్‌ని వదులుతాయి. ఒక్క ఫోటాన్‌తో జరిగే పనిలో ఆ కాస్ స్క్వేర్‌ని మించిన ముద్ర పడదు, అందుకే ఏ అణువైనా పి2 దగ్గరే ఆగుతుంది. అయితే ఉయ్యాలకి ఊగే దారి ఒకటే, అణువుకి రెండు: పరమాణువుల్ని కలిపే బాండ్ వెంబడి, బాండ్‌కి అడ్డంగా. ఆ రెండింటి బలాలూ, బయటికొచ్చే అలల మధ్య ఫేజ్ తేడా (ఒకటి రెండోదానికంటే ఎంత వెనకో ముందో) కలిసి బీటా విలువ ఇస్తాయి. నైట్రోజన్‌లో π ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్ ఉండే ఒక రకం మేఘం) నుంచి వచ్చే ఎలక్ట్రాన్‌కి బీటా తక్కువగా ఉండి శక్తితో మారేది ఇందువల్లే. ఎలక్ట్రాన్ పోయాక అణువు ముక్కలైతే, ఒక ముక్క ఎటు పోయిందో ఎలక్ట్రాన్‌తో పాటే పట్టుకోగలిగితే అణువు ఆ క్షణంలో ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది, అప్పుడు కనిపించే నమూనాలో ఇంతకంటే చాలా వివరం ఉంటుంది, నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే.

మీరు చివర్లో వృత్తాకార పోలరైజేషన్ కూడా అడిగారు. క్షేత్రం తిరుగుతూ ఉంటుంది కాబట్టి హైడ్రోజన్ లాంటి వాటికి ఎలక్ట్రాన్లు కాంతి మార్గానికి లంబంగా ఉన్న తలంలో ఎక్కువ వస్తాయి, ముందుకీ వెనక్కీ సమానం. కానీ ఎడమచేయి, కుడిచేయి తేడా ఉన్న అణువుల్లో, అంటే అద్దంలో బొమ్మ తనతో కలవని వాటిలో, ఆ సమానం చెడుతుంది. కర్పూరం మీద చేసిన కొలతల్లో ముందుకీ వెనక్కీ కొన్ని శాతం తేడా కనిపించింది, కాంతి తిరిగే దిశ మారిస్తే ఆ తేడా కూడా తిరగబడింది. అరసవల్లిలో హారతికి కొనే కర్పూరంతో ఇది వస్తుందా అని మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. పూజకి దొరికేది ఎక్కువగా టర్పెంటైన్ నుంచి తయారు చేసిందే, అందులో రెండు చేతుల అణువులూ సమానంగా కలిసి ఉంటాయి కాబట్టి తేడా కొట్టుకుపోతుంది. కర్పూరం చెట్టు నుంచి తీసింది కావాలి.